ల్యాప్‌టాప్‌లోని కన్నాన్ని బోర్డు మీదికి మోసుకెళ్లకండి

ప్రశ్న: మాది చెన్నై వేళచ్చేరిలో చిన్న కంపెనీ. సీ భాషలో రాసిన మా లైబ్రరీ ల్యాప్‌టాప్‌లో మూడేళ్లుగా బాగానే నడుస్తోంది. లైనక్స్ ఉన్న ఏఆర్ఎం ప్రాసెసర్ బోర్డుకు మార్చగానే ఫైల్ చదవడం అయిపోయినా లూప్ తిరుగుతూనే ఉంది. కంపైలర్‌కు ‘సైన్డ్ చార్’ ఫ్లాగ్ ఇస్తే ఆగింది. కోడు జత చేశాను. ఇక కస్టమర్లకు పంపేయవచ్చా?

జవాబు: పంపకండి. ఈ నెలలో ఇలాంటి ప్రశ్న ఇది మూడోది. ముగ్గురూ ఆ ఫ్లాగ్ దగ్గరే ఆగిపోయారు.

చార్ అంటే సీలో ఒక్క బైటు పట్టే టైపు. అందులో మైనస్ విలువలు ఉండాలా వద్దా అన్నది సీ ప్రమాణం తేల్చలేదు, కంపైలర్‌కే వదిలేసింది. మీ ల్యాప్‌టాప్‌లోని ఎక్స్86 ప్రాసెసర్‌లో అది -128 నుంచి 127 దాకా. ఏఆర్ఎం లైనక్స్‌లో 0 నుంచి 255 దాకా. మీ ‘సైన్డ్ చార్’ ఫ్లాగ్ బోర్డు మీద కూడా మైనస్ ఉండేలా చేస్తుంది. తొలితరం ఏఆర్ఎం చిప్‌లలో మైనస్ గుర్తుతో బైటును లోడ్ చేసే ఇన్‌స్ట్రక్షనే లేదు. ఇక్కడి ఐఐటీ మద్రాస్ ‘శక్తి’ ప్రాసెసర్లకు ఆధారమైన రిస్క్-ఫైవ్ లైనక్స్‌లోనూ మైనస్ లేదు.

మీరు ఒక్కో బైటూ చదివే గెట్‌చార్ ఫంక్షన్ ఇచ్చిన విలువను చార్‌లో పెట్టారు. ఫైల్ అయిపోయిందని చెప్పే -1 బోర్డు మీద 255గా మారింది, -1తో ఎప్పటికీ సరిపోలదు, అందుకే లూప్ ఆగలేదు. దాన్ని చార్ కంటే పెద్దదైన ఇంట్ టైపులో ఉంచితే సరిపోతుంది. అసలు ల్యాప్‌టాప్‌లోనూ ఇది సరిగ్గా నడవలేదు. ఫైల్ మధ్యలో 255 బైటు వస్తే అక్కడితో అయిపోయిందనుకుని మిగతాదంతా వదిలేస్తుంది.

నాకు భయం వేసింది ఇంకో చోట. నెట్‌వర్క్ నుంచి వచ్చే మెసేజ్ పొడవును మొదటి బైటు నుంచి తీసుకుని, అదీ చార్‌లోనే పెట్టి, 64 దాటితే వద్దంటున్నారు. ఎవరైనా అక్కడ 200 పంపారనుకోండి. ఫ్లాగ్ లేకపోతే బోర్డుకు అది 200గానే కనిపిస్తుంది, మెసేజ్‌ను తిప్పికొడుతుంది. ఫ్లాగ్ పెడితే అది -56. 64 కంటే చిన్నదే కాబట్టి చెక్ దాటిపోతుంది. అదే విలువ మెమరీని కాపీ చేసే మెమ్‌కాపీ ఫంక్షన్‌కు వెళ్లేసరికి మైనస్ పోయి, 32 బిట్ల బోర్డులో సుమారు 429 కోట్ల బైట్ల కాపీ అవుతుంది. అదే నెట్‌వర్క్‌లో ఉన్న ఎవరైనా ఒక్క మెసేజ్‌తో ఈ బోర్డుతో మీరు అమ్మే పెట్టెను పడగొట్టవచ్చు. ఈ కన్నం ల్యాప్‌టాప్‌లో మొదటి నుంచీ ఉంది. బోర్డు మీద లేనిదాన్ని ఆ ఫ్లాగ్‌తో మీరే తెచ్చి పెట్టారు.

మూడేళ్లుగా ఇది ఎందుకు బయటపడలేదంటే, మన దగ్గర టెస్టింగ్ అంతా చిన్న చిన్న ఇంగ్లీషు పేర్లతోనే జరుగుతుంది. నాకు బాగా కోపం తెప్పించే విషయం ఇది. పెట్టె అమ్మేది నెల్లూరులో, తిరుపతిలో. టెస్ట్ చేసేటప్పుడు ఒక్క తెలుగు పేరు టైప్ చేసేవాళ్లుండరు. అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ‘అ’ అంటే 224, 176, 133 అనే మూడు బైట్లు. చార్‌కు మైనస్ ఉంటే అవి -32, -80, -123 అవుతాయి. మీ అక్షరాల టేబుల్‌కు ఆ చార్‌నే ఇండెక్స్‌గా వాడారు. అంటే ‘అ’ రాగానే టేబుల్‌కు ముందున్న మెమరీని చదువుతారు. దీనికి జీసీసీ కంపైలర్ ‘వాల్’ (-Wall) ఆప్షన్‌తోనే వార్నింగ్ ఇస్తుంది. కంపైలర్ ఆప్షన్లుండే మీ మేక్‌ఫైల్‌లో వార్నింగులన్నీ ఆపేసి ఉన్నాయి. ఎందుకు ఆపారండీ?

ఫ్లాగ్ తీసేయండి. బైట్లన్నింటినీ ఎక్కడైనా మైనస్ లేని యూఇంట్8 (uint8_t) టైపుకు మార్చండి. స్ట్రక్ట్‌ను (కొన్ని విలువలను కలిపి ఉంచే టైపు) ఉన్నదున్నట్టు నెట్‌వర్క్‌లోకి రాసే చోట్లు రెండు కనిపించాయి. ప్యాడింగ్ (విలువల మధ్య వదిలే ఖాళీ బైట్లు), బైట్ల వరుస అన్ని ప్రాసెసర్లలో ఒకేలా ఉండవు కాబట్టి అక్కడ ఒక్కో బైటూ విడిగా రాయాలి. వేరే ప్రాసెసర్లను అనుకరించే క్యూఈఎంయూ సాఫ్ట్‌వేర్‌లో, బైట్ల వరుస తిరగబడి ఉండే ఎస్390ఎక్స్ ప్రాసెసర్ మీద నడిపితే బైట్ల వరుసలోని తప్పులు బయటపడతాయి, బోర్డు కొనక్కర్లేదు.

తర్వాత ల్యాప్‌టాప్‌కూ బోర్డుకూ పొడవు 200 అని ఒక మెసేజ్, తెలుగులో ఒక పేరు పంపి చూడండి. ఆ ఫ్లాగ్‌తో ఇప్పటికే ఏవైనా పెట్టెలు బయటికి వెళ్లి ఉంటే వాటి అప్‌డేట్ పని ముందు చూడండి, కొత్త ఆర్డర్లు ఆ తర్వాత.