ఫ్రీబీఎస్‌డీలో లినక్స్ ప్రోగ్రాం నడవాలంటే లైబ్రరీలు ఎక్కడ పెట్టాలి?

బెంగళూరు మారతహళ్లిలోని మీ ఆఫీసు ఫ్రీబీఎస్‌డీ (యూనిక్స్ తరహా ఆపరేటింగ్ సిస్టమ్) సర్వర్‌లో, లినక్స్ కోసం తయారైన ప్రోగ్రాం ‘ఈఎల్ఎఫ్ ఇంటర్‌ప్రెటర్ దొరకలేదు’ అంటూ ఆగిపోతోందని అడిగారు. ప్రోగ్రాంలో లోపం లేదండి. దానికి కావలసిన లోడర్ (ప్రోగ్రాంకు కావలసిన లైబ్రరీలను మెమరీలోకి ఎక్కించేది, ‘ఈఎల్ఎఫ్ ఇంటర్‌ప్రెటర్’ అంటే ఇదే) మీ యంత్రంలో లేదు, అంతే.

కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) సంగతి తేలిక. లినక్స్64 మాడ్యూల్ ఎక్కిస్తే లినక్స్ సిస్టమ్ కాల్స్‌ను, అంటే ప్రోగ్రాం కెర్నల్‌ను కోరే పనులను, ఫ్రీబీఎస్‌డీ కెర్నలే అందుకుంటుంది. వర్చువల్ మెషీన్ అక్కర్లేదు. చిక్కంతా లైబ్రరీలతోనే. ఆ ప్రోగ్రాంకు లినక్స్ లోడర్, జీలిబ్‌సీ (లినక్స్‌లో వాడే మూల సీ లైబ్రరీ) కావాలి. ఫ్రీబీఎస్‌డీ సొంత లిబ్‌సీతో దానికి పొత్తు కుదరదు.

వాటిని సిస్టమ్ లైబ్రరీల మధ్య మాత్రం పడేయకండి. ‘కంపాట్’ డైరెక్టరీలోని ‘లినక్స్’ వాటి చోటు. లినక్స్ ప్రోగ్రాం ఏ ఫైలు అడిగినా కెర్నల్ మొదట అక్కడ వెతికి, లేకపోతేనే అసలు రూటుకు (ఫ్రీబీఎస్‌డీ మొదటి డైరెక్టరీకి) వస్తుంది. రాకీ లినక్స్ 9 (ఉబుంటులాగే ఒక లినక్స్ రకం) ఆధారిత లినక్స్‌బేస్ ప్యాకేజీ వేస్తే ముఖ్యమైనవన్నీ అక్కడికే చేరతాయి.

ఇంకా ఏదైనా తక్కువైతే, లినక్స్ యంత్రంలో ఎల్‌డీడీ అనే ఆదేశంతో ఆ ప్రోగ్రాంకు కావలసిన లైబ్రరీల జాబితా తీయండి. అలాగని పక్క బల్ల మీది ఉబుంటు 24.04 నుంచి కాపీ చేయకండి, చాలామంది చేసే పని ఇదే! అందులోని జీలిబ్‌సీ 2.39, రాకీ 9లో ఉన్నది 2.34. కొత్తదానితో కట్టిన లైబ్రరీ పాతదాని మీద మొరాయించవచ్చు. రాకీ 9 ప్యాకేజీలోంచే తీసుకోండి, 32 బిట్లా 64 బిట్లా చూసుకోండి. చివరగా లైబ్రరీల జాబితాను తాజా చేసే ఎల్‌డీకాన్ఫిగ్ ఆదేశం నడపండి. ఫ్రీబీఎస్‌డీది కాదు, ఆ డైరెక్టరీలో ఉన్న లినక్స్‌ది.