విహార పడవ మునిగితే తప్పు ఎవరిది?

చెరువులో విహార పడవ మునిగినప్పుడు నిందించవలసింది నడిపినవాడినా, నిర్వాహకుడినా, కిక్కిరిసి ఎక్కిన ప్రయాణికులనా అని అడిగారు. పిల్లలను విహారయాత్రలకు తీసుకువెళ్లే ఉపాధ్యాయుడిగా నా అభిప్రాయం ఇది: ఆ ప్రయాణాన్ని ఆపగల అధికారం ఎవరికి ఎక్కువగా ఉందో, తప్పులో పెద్ద వాటా వారిదే.

ఒక జలాశయం వద్ద మా పిల్లలందరినీ ఒకే పడవలో ఎక్కించబోతే నేను ఒప్పుకోలేదు. అప్పుడు సరంగు, "రెండు ట్రిప్పులు వేస్తే డీజిల్ ఖర్చు నా జీతంలో కోస్తారు సార్" అన్నాడు. పరిమితి ఎంతో అతనికి తెలుసు, కానీ దాన్ని పాటించే స్వేచ్ఛ అతనికి లేదు.

2024 జనవరి 18న వడోదరలోని హర్ణి చెరువులో పడవ బోల్తాపడి 12 మంది విద్యార్థులు, ఇద్దరు ఉపాధ్యాయులు మరణించారు. 14 మంది పట్టే పడవలో అంతకంటే చాలా ఎక్కువమందిని ఎక్కించారు. అందరికీ లైఫ్ జాకెట్లు కూడా లేవు. పరిమితి మించిన కొద్దీ పడవ అంచు నీటికి దగ్గరవుతుంది కనుక, ఆపైన జనం ఒక పక్కకు జరిగితే చాలు, నీళ్లు లోపలికి వస్తాయి. ఆ కేసులో పోలీసులు అప్పటి భారత శిక్షాస్మృతి (ఐపీసీ)లో కేవలం నిర్లక్ష్యానికి వర్తించిన 304ఎ సెక్షన్ కాకుండా, ప్రాణాపాయం తెలిసీ చేసిన పనికి వర్తించిన 304 సెక్షన్‌ను పెట్టడం నా దృష్టిలో సరైనదే. చెరువు నిర్వహణను కాంట్రాక్టుకు ఇచ్చిన తీరును గుజరాత్ హైకోర్టు తప్పుపట్టడంతో ప్రశ్న నగరపాలక సంస్థ అధికారుల దాకా వెళ్లింది.

ఉపాధ్యాయులు అడ్డుకోవలసింది కదా అనే వాదనను నేను పూర్తిగా కొట్టిపారేయను. అయితే టికెట్ కొని, గేటు దాటి, ప్రభుత్వ బోర్డు ఉన్న చోట నిలబడ్డవారు ఇక్కడ తనిఖీ జరిగే ఉంటుందని నమ్మడం సహజం. పిల్లల మీద మాత్రం రవ్వంత తప్పు కూడా మోపలేము.

2021 నాటి అంతర్గత నౌకల చట్టం యంత్రంతో నడిచే పడవలకు రిజిస్ట్రేషన్‌ను, పడవ ప్రయాణానికి తగిన స్థితిలో ఉందని తనిఖీ చేసి ఇచ్చే సర్వే ధ్రువపత్రాన్ని తప్పనిసరి చేసింది. ఆ పత్రం లేకుండా ఏ పడవైనా నెలల తరబడి తిరిగి మునిగితే, సరంగుతో పాటు తనిఖీ చేయవలసిన అధికారి పేరు కూడా ఎఫ్‌ఐఆర్‌లో ఉండాలి.