చలికాలానికి పూల్ ఖాళీ చేస్తే అడుగు టైల్స్ లేచాయి: ఏం చేయాలి

టైల్స్ వేసిన మేస్త్రీది తప్పు కాకపోవచ్చండీ. చలికాలం ఎవరూ ఈదరని మీరు నీళ్లన్నీ తోడేశారు చూడండి, అదే కారణమై ఉంటుంది. మన డెల్టాలో వానలయ్యాక నేలలో నీరు బాగా పైకి ఉంటుంది. లోపల నీటి బరువు లేకపోతే కింది నీరు అడుగును పైకి నెడుతుంది. ఒక్కోసారి పూల్ మొత్తం లేచి పగులుతుంది కూడా.

1. పెరటి బావిలో నీటిమట్టం చూడండి. పూల్ అడుగు కంటే పైన ఉంటే ఈరోజే నింపేయండి. బావి లేకపోయినా నింపడమే మేలు. చాలామంది ఇక్కడే పొరబడతారు, ఖాళీగా ఉంది కదా అని అప్పుడే రిపేర్ మొదలుపెడతారు. కింద ఒత్తిడి అలాగే ఉంటుంది, కొత్త టైల్స్ కూడా లేస్తాయి. దయచేసి ఆ పని చేయకండి.

2. రిపేర్ ఎండాకాలంలో పెట్టుకోండి. సాగు కాలవలకు నీళ్లు ఆపేశాక, బావిలో నీరు దిగిందని చూసుకున్నాకే తోడించండి. అడుగున ఒత్తిడి వదిలే వాల్వు అప్పుడే పెట్టించండి.

3. మన దగ్గర నీరు గడ్డకట్టదు, పైపులు ఖాళీ చేయక్కర్లేదు. అప్పటిదాకా నింపిన నీటి పీహెచ్ (పులుపు, క్షారం ఎంతో చెప్పే కొలత) 7.2 నుంచి 7.6 మధ్య ఉంచి, సాయంత్రం పూట క్లోరిన్ వేసి, రోజూ కాసేపు పంపు తిప్పండి. కొబ్బరాకులు పడకుండా పైన వల కట్టండి.