"పర్వాలేదండీ" అనడం ఆపు ముందు

చిన్నీ,

ఆరు నెలలుగా థెరపీకి వెళ్తున్నా ఉన్నచోటే ఉన్నాను, మానేయనా పెద్దమ్మా అని అడిగావు. మానేయొద్దు, కానీ ఇప్పుడు వెళ్తున్నట్టు వెళ్లొద్దు.

మీ పెదనాన్న పోయాక నేనూ వెళ్లాను కదా, మొదటి ఏడాది సగం మా థెరపిస్ట్ ఆవిడ "ఎలా ఉన్నారు" అనడం, నేను "పర్వాలేదండీ" అనడంతోనే సరిపోయింది. అంత చదువుకున్న మనిషికి, మీవల్ల నాకేం ఉపయోగం కనిపించట్లేదని మొహం మీద ఎలా చెప్తాం? ఆటోలో కూర్చుని ఇవాళ ఏం చెప్పాలో అల్లుకునేదాన్ని, ఏడుపు రాని విషయాలు ఏరుకుని మరీ. ఒకరోజు విసుగొచ్చి ఆ మాటే అనేశాను, "అసలు సంగతి మీకు చెప్పట్లేదండీ, ఏమనుకుంటారోనని". ఆవిడేం నొచ్చుకోలేదు. మాకు పని మొదలైంది ఆ రోజే. (ఫీజు మాత్రం తగ్గించలేదు.)

నువ్వూ ఈసారి కూర్చోగానే చెప్పెయ్, లేచి వచ్చేటప్పుడు తలుపు దగ్గర కాదు. నోరు పెగలకపోతే ఫోన్‌లో రాసుకెళ్లి చదువు. మనం దేనికోసం పని చేస్తున్నామో, తగ్గుతోందని ఎలా తెలుస్తుందో అడుగు. "బాగుండాలి" అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు, "అమ్మ ఫోన్ చేస్తే ఎత్తాలి" అంటే అర్థమవుతుంది. డిప్రెషన్‌కి పీహెచ్‌క్యూ-9 అని తొమ్మిది ప్రశ్నల కాగితం ఉంది, 27కి లెక్క, అంకె తగ్గితే మంచిది. నాకు 17 నుంచి 11కి వచ్చిందని ఆ కాగితం చూస్తేగానీ తెలియలేదు.

మీ థెరపిస్ట్ చేసేది సీబీటీ, అంటే ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చుకునే పద్ధతి, అన్నావు కాబట్టి అడుగుతున్నా, రాసుకురమ్మన్నవి రాస్తున్నావా, క్యాబ్‌లో నింపేస్తున్నావా? స్కూల్ హోంవర్క్ కూడా బస్సులోనే చేసేదానివి. సీబీటీలో సగం పని ఇంటి దగ్గరే.

థైరాయిడ్, బీ12 ఒకసారి చూపించుకో, వాటివల్లా దిగులు రావచ్చు. నిద్ర, తిండి బాగా చెడితే సైకియాట్రిస్ట్‌ని కలువు, మందులు రాసేది వాళ్లే. అర్ధరాత్రి మరీ భరించలేకపోతే 14416కి ఫోన్ చెయ్, టెలీ మానస్ అని మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్ అది, వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులక్కర్లేదు.

ఇంత చెప్పినా మీ థెరపిస్ట్ పద్ధతి మారకపోతే మనిషిని మార్చు. మొహమాటమెందుకు, సంబంధం తప్పిపోతున్నట్టు? కథంతా మళ్లీ మొదటినుంచి చెప్పాలనే నీ బెంగ నిజమే, ఒక పేజీలో రాసివ్వమని ఆవిడనే అడుగు.

గురువారమే కదా సెషన్. రాసుకున్నది నాకు పంపక్కర్లేదు, అది మీ ఇద్దరి మధ్యదే. ఖాళీ కడుపుతో మాత్రం వెళ్లకు.

పెద్దమ్మ