తగిలితే ఆగే కణం, గుంపుగా కదిలే కణం

ప్రశ్న: కణాలు ఒకదానికొకటి తగిలితే ఆగిపోతాయని చదివాం. మరి ప్లేట్లో పెంచిన కణాల పొరపై గీత గీస్తే అంచు కణాలు గుంపుగా ఖాళీలోకి ఎట్లా వస్తాయి? మా గీత అంచులేమో ఊడొస్తున్నాయి.
– ఎమ్మెస్సీ విద్యార్థిని, నల్లగొండ

జవాబు: రెండూ నిజమే. ఫైబ్రోబ్లాస్టు (అవయవాలను కలిపి ఉంచే కణజాలంలోని కణం) పల్చటి రేకులాంటి ముందంచును చాచి పాకుతుంది. ఆ రేకు పక్క కణం పొరను తాకగానే అక్కడ అలలాడడం ఆగి, వెనక్కి ముడుచుకుంటుంది. ఇంకోవైపు కొత్త రేకు లేచి దారి మారుతుంది. కోడిపిల్ల గుండె కణాల్లో శాస్త్రవేత్తలు అబెర్‌క్రాంబీ, హేస్‌మన్ 1950ల్లో చూపింది ఇదే.

ఎపిథీలియల్ కణాలు (చర్మం, పేగుల పైపొర కణాలు) మాత్రం ఇ-క్యాడ్‌హెరిన్ అనే అతికించే ప్రోటీన్‌తో ఒకదాన్నొకటి పట్టుకుని వదలవు. తాకిన వైపులు అణిగి, ఖాళీవైపే రేకు లేస్తుంది. దేవరకొండ బస్సు దగ్గర గుంపులాగే: నడిమిట్ల ఉన్నోళ్లకు కాలు చాచే చోటుండదు, అంచునున్నవాళ్లదే అడుగు.

ఇక మీ ప్లేటు సంగతి. కణాల పొర ప్లేటంతా నిండాకే 200 మైక్రోలీటర్ల పిపెట్ టిప్పుతో ఒక్క గీత గీయండి. క్యాడ్‌హెరిన్ పట్టుకు కాల్షియం కావాలి. కాల్షియం లేని పీబీఎస్‌లో (కణాలు కడిగే ఉప్పు ద్రావణం) ఎక్కువసేపు ఉంచితే అంచు ఊడుతుంది, కణాలు విడివిడిగా చెదురుతాయి. కాల్షియమున్న బఫర్‌తో, గోడవెంట పోస్తూ, రెండుసార్లు కడగండి. పోషక ద్రవంలో సీరం (కణాలు పెరిగేందుకు కలిపే రక్తద్రవం) తగ్గించండి. లేకుంటే కణాలు విభజన చెంది ఖాళీ పూడ్చినా కదలికే అనుకుంటారు!