బూడిద సిమెంటు మీద మనసు పడిన అమ్మాయికి ఏం చెప్పాలి?

ముత్తుకూరు నుంచి ఒక అమ్మ రాశారు. వాళ్లమ్మాయి నెల్లూరులో బీటెక్ సివిల్, ఇప్పుడే మూడో సంవత్సరంలోకి వచ్చింది. సిమెంటు బదులు థర్మల్ ప్లాంటు బూడిదతో చేసే జియోపాలిమర్ కాంక్రీటు మీద ప్రాజెక్టు చేస్తాను, ఉద్యోగం కూడా ఆ లైన్లోనే వెతుక్కుంటాను అంటోందట. వాళ్ల నాన్నకి ఫ్లైయాష్ ఇటుకల యూనిట్ ఉంది, ఆయనేమో "నేను బూడిదలో బతికింది చాలు, నువ్వు కోడింగ్ నేర్చుకో" అంటున్నారు. ఈలోగా ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు నలభై ఐదు వేలు కడితే ఆరు వారాల్లో జియోపాలిమర్ ఎక్స్‌పర్ట్ సర్టిఫికెట్ ఇస్తామని ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నారట. కట్టమంటారా, అసలు ఇందులో బతుకుదెరువు ఉందా అని అడిగారు.

అమ్మా, ముందు ఆ నలభై ఐదు వేలు కట్టకండి. ఆ సర్టిఫికెట్ చూసి ఉద్యోగం ఇచ్చిన వాళ్లని నేను ఇంతవరకూ చూడలేదు. మిగతాది తీరిగ్గా మాట్లాడుకుందాం.

అమ్మాయి చెప్పేది గాలి కబురు కాదు. మామూలు సిమెంటు చేయాలంటే సున్నపురాయిని 1450 డిగ్రీల దాకా కాల్చాలి. బొగ్గు మండితే పొగ వస్తుంది, అది అందరికీ తెలిసిందే, కానీ అసలు చిక్కు రాయిలోనే ఉంది: 100 కిలోల శుద్ధమైన సున్నపురాయి కాలితే అందులో 44 కిలోలు కార్బన్ డయాక్సైడ్‌గా గాలిలోకి పోతాయి. బొగ్గు మానేసి సోలార్‌తో కాల్చినా ఆ 44 కిలోలు పోక తప్పదు. ప్రపంచం మొత్తం వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో సిమెంటు వాటా ఏడెనిమిది శాతం ఉండేది అందుకే. జియోపాలిమర్‌లో ఈ కాల్చే పనే లేదు. థర్మల్ ప్లాంటు బూడిద, స్టీల్ ప్లాంటులో ఇనుము తీశాక మిగిలే స్లాగ్ పొడి తీసుకుని కాస్టిక్ సోడా, సోడియం సిలికేట్ ద్రావణం పోస్తే అదే రాయిలా గట్టిపడుతుంది. ఆ పేరు పెట్టింది జోసెఫ్ డేవిడోవిట్స్ అనే ఫ్రెంచ్ శాస్త్రవేత్త, 1970ల్లో. ఆస్ట్రేలియాలో 2014లో తెరిచిన వెల్‌క్యాంప్ ఎయిర్‌పోర్టులో విమానాలు నిలిచే చోట ఈ కాంక్రీటే పోశారు.

మీ ఊరి సంగతే చూడండి. కృష్ణపట్నం థర్మల్ బూడిద లారీలు మీ వాకిట్లోంచే పోతాయి. సోడియం సిలికేట్ చేయడానికి కావాల్సింది సిలికా ఇసుక, అది గూడూరు పక్కన చిల్లకూరు, కోట వైపు తవ్వి దేశమంతా పంపుతున్నారు. అమ్మాయికి ఈ ఆలోచన ఎక్కడి నుంచి వచ్చిందో నాకు వేరే చెప్పక్కర్లేదు.

కానీ ఇంకో వైపు కూడా చెప్పాలి, లేకపోతే నేనూ ఆ ఇన్‌స్టిట్యూట్ వాళ్లతో సమానమే. సిలికేట్ చేయాలన్నా ఇసుకని, సోడాని వెయ్యి డిగ్రీలు దాటించి కరిగించాల్సిందే, కాబట్టి ఇది కూడా పూర్తిగా మడి కట్టుకున్నది కాదు, ఖర్చు కూడా అక్కడే ఎక్కువ. బూడిద ఇవాళ ఊరికే పడి ఉన్న చెత్త కాదు, పీపీసీ అని బస్తాల మీద రాసి అమ్మే సిమెంటులో 35 శాతం దాకా కలుపుతారు, ఆ సంగతి మీ ఆయనకి నాకంటే బాగా తెలుసు. స్లాబులకీ పిల్లర్లకీ మన ఇంజనీర్లు తెరిచే ఐఎస్ 456 కోడ్ (ఐఎస్ అంటే భారత ప్రమాణం) మామూలు సిమెంటుని పెట్టుకుని రాసింది. జియోపాలిమర్ రకం కాంక్రీటుకి ఐఎస్ 17452 అని 2020లో వచ్చింది, అదీ ప్రీకాస్ట్ వస్తువులకే, అంటే ముందే అచ్చుల్లో పోసి తెచ్చి పెట్టేవాటికే. పేవర్ బ్లాకులు, కెర్బ్ రాళ్ల లాంటివి అనుకోండి. అందుకే "జియోపాలిమర్ ఇంజనీర్ కావలెను" అన్న ప్రకటన మీకు పేపర్లో కనపడదు.

మరి ఏం చదవాలి? కాంక్రీటు చదవాలి. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, కాంక్రీటు లోపలి కెమిస్ట్రీ చదవాలి. అది చేతికొచ్చిన పిల్లకి రేపు జియోపాలిమర్ నిలిచినా పనే, కాల్చిన బంకమట్టి, సున్నపురాయి కలిపే ఎల్‌సీ3 సిమెంటు నిలిచినా పనే (దానికి 2023లోనే ఐఎస్ 18189 వచ్చేసింది, నా లెక్కన మార్కెట్లోకి ముందు వచ్చేది అదే). రెడీమిక్స్ ప్లాంట్ల క్వాలిటీ ల్యాబులు, కాంక్రీటులో కలిపే రసాయనాలు (అడ్మిక్స్చర్లు) చేసే కంపెనీలు, ప్రీకాస్ట్ యూనిట్లు, సిమెంటు కంపెనీల ఆర్ అండ్ డీ, అన్నిచోట్లా ఈ మనుషులే కావాలి. మొదటి రెండు మూడేళ్లు జీతం సాఫ్ట్‌వేర్ పిల్లలతో పోలిస్తే తక్కువే, ఆ మాట దాచను. ఆడపిల్ల సైట్ మీద ఎండలో అనే టెన్షన్ మీకుంటే, ఇందులో ఎక్కువ భాగం ల్యాబ్ పనే.

ఎంటెక్ సీటు కోసం గేట్ పరీక్ష రాయించండి. ఎంటెక్‌కి ఐఐటీ మద్రాసు, తిరుపతి, ఎన్ఐటీ వరంగల్ లాంటి చోట స్ట్రక్చర్సో మెటీరియల్సో తీసుకుంటే చాలు. చెన్నై తరమణిలో కేంద్ర పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ వాళ్ల కట్టడాల ల్యాబ్ ఎస్ఈఆర్‌సీ ఉంది, జియోపాలిమర్ మీద ఏళ్లుగా పని చేస్తున్నారు. నెల్లూరులో రైలెక్కితే మూడు గంటల దారి, సెలవుల్లో ఇంటర్న్‌షిప్‌కి కాలేజీ లెటర్‌తో ఇప్పటినుంచే అడగమనండి. పొద్దున రెండు గంటలు పైథాన్ నేర్చుకుంటే నష్టం లేదు, మీ ఆయన మాట కూడా నిలబడుతుంది.

ఇక ప్రాజెక్టు. నేను ఒంగోలు వైపు ఒక కాలేజీలో పాఠాలు చెప్పే రోజుల్లో ఒక బ్యాచ్ ఇదే చేసింది. స్లాగ్ ఎక్కువైతే త్వరగా బిగుస్తుందని చదివారు గానీ ఎంత త్వరగానో చదవలేదు. అచ్చులకి నూనె రాస్తూ కబుర్లు చెప్పుకుంటుండగా తొట్టిలోనే బిగుసుకుపోయింది, ఉలీ సుత్తీ పెట్టి కొట్టాల్సి వచ్చింది. అంతకంటే పెద్ద తప్పు, ఒకబ్బాయి కాస్టిక్ సోడా పలుకుల మీద నీళ్లు పోశాడు. నీళ్లలో పలుకులు కొంచెం కొంచెంగా వేయాలి గానీ పలుకుల మీద నీళ్లు పోయకూడదు. చిట్లి మణికట్టు మీద పడింది, ఆ మచ్చ ఇంకా ఉంది. పది మోలార్ ద్రావణం అంటే లీటరుకి 400 గ్రాముల సోడా, కలిపితే బకెట్ పట్టుకోలేనంత వేడెక్కుతుంది. ముందురోజే కలిపి చల్లారనివ్వాలి. గ్లవ్స్, కళ్లద్దాలు లేకుండా పిల్లని దాని దగ్గరికి పోనివ్వకండి, ల్యాబ్ అసిస్టెంట్ ఏం కాదులే అన్నా సరే.

మీ యూనిట్‌కి వచ్చే బూడిదే వాడమనండి, కానీ లోడు లోడుకీ విడిగా సంచిలో పెట్టి తేదీ రాయాలి. ఒక్కో లోడులో కాలని బొగ్గు ఒక్కోలా ఉంటుంది, దాంతో నీళ్లు తాగే తీరు మారుతుంది. ఒకే మిక్స్‌తో నాలుగు లోడుల బూడిద పెట్టి 15 సెంటీమీటర్ల క్యూబులు పోసి, 7వ రోజు, 28వ రోజు మెషీన్లో నలగ్గొట్టి బలం ఎంతో చూస్తే ఇంటర్వ్యూలో చెప్పడానికి సొంత మాట ఒకటి ఉంటుంది. వట్టి బూడిదైతే ఒక రోజు 60 డిగ్రీల ఓవెన్‌లో పెట్టాలి, కొంత స్లాగ్ కలిపితే మామూలు వేడికే గట్టిపడుతుంది. ఏ లోడు మంచిదో మీ ఆయన అరచేతిలో నలిపి చెప్తారేమో, క్యూబులు పోయకముందే ఆయన చేత చెప్పించి అమ్మాయిని నోట్‌బుక్‌లో రాసుకోమనండి.