పదిహేనో తేదీ ఒక్కటే రాస్తే చాలదు

అమ్మాయ్,

నువ్వు పంపిన "చరిత్రలో ఈ రోజు, డిసెంబర్ 15" రాత్రి చదివా, పొద్దున లేచి మళ్లీ చదివా. తెలుగు సాఫీగా ఉంది, సంతోషం. ఇక అసలు సంగతికి వస్తా.

ఈఫిల్ టవర్ కట్టిన ఈఫిల్ 1832లో పుట్టాడని మూడు లైన్లు, వాల్ట్ డిస్నీ 1966లో పోయాడని నాలుగు లైన్లు, పొట్టి శ్రీరాములు గారికి ఒక్క లైను. "ఆంధ్రప్రదేశ్ కోసం 56 రోజులు నిరాహార దీక్ష చేసి అమరుడయ్యారు" అని రాసి ఫుల్‌స్టాప్ పెట్టి ముందుకెళ్లిపోయావు. చదవగానే ఒళ్లు మండింది, దాచుకోను. ఆ ఒక్క లైన్లో రెండు తప్పులున్నాయి. ఆయన అడిగింది ఆంధ్ర రాష్ట్రం, మద్రాసు రాష్ట్రంలోంచి తెలుగు జిల్లాలు విడదీసి ఇమ్మని. అప్పటికి హైదరాబాద్ వేరే రాష్ట్రం, బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రి. ఆంధ్రప్రదేశ్ వచ్చింది 1956 నవంబర్ 1న, అంటే ఆయన పోయిన నాలుగేళ్లకి. ఈ రెండూ కలిపేస్తే తెలంగాణ వాళ్లకి కోపం వస్తుంది, రావాలి కూడా. ఇక రోజుల లెక్క. దీక్ష మొదలైంది 1952 అక్టోబర్ 19న. అక్టోబర్‌లో 13, నవంబర్‌లో 30, డిసెంబర్‌లో 15, మొత్తం 58. ఎక్కడో ఎవరో 56 అని రాస్తే అందరూ అదే కాపీ కొడుతున్నారు, నువ్వూ కొట్టావు, వేళ్ల మీద లెక్కపెట్టడానికి ఒక్క నిమిషం పట్టదు కదా.

తప్పులు దిద్దుకోవచ్చు, దానికి బెంగ లేదు. నా బాధ వేరే. నేను ఎవరు రాసి పంపినా ఇదే చెప్తా, విసుగొచ్చినా విను. ఒక తేదీ మీద రాయాలంటే ఆ తేదీకి ముందు రోజులూ తర్వాత రోజులూ తెలియాలి. మనిషి పోయిన రోజు కేలండర్లో ఉంటుంది, ఎలా పోయాడో, ఎవరు పోనిచ్చారో మాత్రం చుట్టూ ఉన్న రోజుల్లోనే దొరుకుతుంది. డిసెంబర్ 3 చూడు. దీక్షకి 46వ రోజు. ఆ రోజు నెహ్రూ మద్రాసు ముఖ్యమంత్రి రాజాజీకి ఉత్తరం రాశాడు, ఆంధ్ర కోసం ఏదో దీక్ష జరుగుతోందట, నాకు టెలిగ్రాముల మీద టెలిగ్రాములు వస్తున్నాయి, నేనేమీ చలించలేదు, అసలు పట్టించుకోదలచుకోలేదు అని దాని సారాంశం. డిసెంబర్ 12న మళ్లీ రాజాజీకే రాశాడు, ఇక ఆంధ్ర కోరిక ఒప్పుకునే టైమొచ్చింది, లేకపోతే వాళ్లలో నిస్పృహ పెరిగిపోతుంది అని. తొమ్మిది రోజుల్లో మాట మారింది. 15 రాత్రి శ్రీరాములు మద్రాసు మైలాపూర్‌లో, రాయపేట హైరోడ్డు మీద బులుసు సాంబమూర్తి గారి ఇంట్లో ప్రాణం వదిలేశాడు. 19న నెహ్రూ లోక్‌సభలో ఆంధ్ర రాష్ట్రం ప్రకటించాడు, అదీ మద్రాసు నగరం లేకుండా. 3, 12, 15, 19. ఈ నాలుగు తేదీలు పక్కపక్కన పెట్టి చూడు, నీకు నిద్ర పడుతుందేమో. నాకైతే పట్టలేదు.

ఇంకాస్త వెనక్కి వెళ్లు. ముందు ఏడాదే, 1951లో, స్వామి సీతారాం అంటే గొల్లపూడి సీతారామశాస్త్రి గారు ఇదే కోరికతో 35 రోజులు దీక్ష చేసి వినోబా భావే చెబితే విరమించాడు. ఇదీ అలాగే ముగుస్తుందిలే అని ఢిల్లీ వాళ్లు అనుకునుంటారు, నా ఉద్దేశం అది. నీ లిస్టులోనే ఇంకో లైనుంది, "1950, సర్దార్ పటేల్ మరణం". అది పైన ఎక్కడో, శ్రీరాములు కింద ఎక్కడో. జవహర్‌లాల్ నెహ్రూ, వల్లభ్‌భాయ్ పటేల్, పట్టాభి సీతారామయ్య ముగ్గురూ కలిసి, వాళ్ల పేర్ల మొదటి అక్షరాలతో జేవీపీ కమిటీ అని వేసుకుని, భాషా రాష్ట్రాలు ఇప్పుడే వద్దు, ఆంధ్ర వాళ్లు మద్రాసు మీద ఆశ వదులుకుంటే వాళ్ల సంగతి చూడొచ్చు అని 1949లో రిపోర్టిచ్చారు కదా. ఆ ముగ్గురిలో ఒకాయన పోయిన సరిగ్గా రెండేళ్లకి, అదే తేదీన, ఆ రాష్ట్రం కోసమే ఇంకో మనిషి పోయాడు. నీ లిస్టులో రెండు లైన్లూ ఉన్నాయి, వాటి మధ్య సంబంధమే లేదు. అదే లిస్టులో బాపు గారు 1933లో నరసాపురంలో పుట్టారని ఉంది. అంటే శ్రీరాములు పోయిన రోజుకి బాపుకి పంతొమ్మిదేళ్లు నిండాయి. అదైనా రాయొచ్చుగా.

పత్రికల వాళ్ల మీద నాకు పాత కోపం ఒకటుంది, నీకు చెప్పకుండా ఉండలేను. చిన్నప్పుడు నేను ఒక దినపత్రిక డెస్కులో ఇదే కాలమ్ రాసేవాణ్ణి. పద్ధతేంటంటే పోయినేడాది ఫైలు తియ్యడం, ఏళ్ల సంఖ్య ఒకటి పెంచడం, దండ వేసిన విగ్రహం ఫొటో పక్కన పెట్టడం. ఒక డిసెంబర్‌లో నేను కుదురుగా కూర్చుని నెల్లూరు మూలాపేట వేణుగోపాలస్వామి గుడి సంగతి రాశాను. 1946లో దళితుల్ని ఆ గుళ్లోకి రానివ్వాలని శ్రీరాములు నిరాహార దీక్ష చేశాడు, రానిచ్చేదాకా చేశాడు. తర్వాత కూడా చెప్పుల్లేకుండా, గొడుగు లేకుండా నెల్లూరు ఎండలో అంటరానితనం పోవాలని రాసిన అట్టలు తగిలించుకుని తిరిగేవాడు, జనం పిచ్చోడనుకునేవాళ్లు. బొంబాయిలో శానిటరీ ఇంజినీరింగ్ చదివి, రైల్వేలో ఉద్యోగం చేసి, భార్య పోయాక అన్నీ వదిలేసి గాంధీ దగ్గరికి వెళ్లిన మనిషి. ఇదంతా రాసిస్తే మా ఇంచార్జి ఎర్ర పెన్నుతో అడ్డంగా ఒక గీత గీసి, వర్ధంతి రోజు గుడి గొడవెందుకయ్యా, రాష్ట్రం ముక్క ఒక్కటి ఉంచు చాలు అన్నాడు. నలభై పదాలు మిగిలాయి. ఆ గీత కాగితాన్ని చింపేసింది, కింద పేజీ మీద కూడా అచ్చు పడింది. ఆ కాపీ నేను వారపత్రికలన్నింటికీ పంపాను, స్టాంపులంటించిన కవర్లు తిరిగొచ్చాయి, చివరికి వేసుకున్న చిన్న పత్రిక ఆ తర్వాత ఎక్కువకాలం నడవలేదు. ఇప్పటికీ చాలామందికి ఆయన రాష్ట్రం కోసమే పుట్టినట్టు తెలుసు, గుడి సంగతి తెలీదు. ఇప్పుడు వాట్సాప్ కార్డులొచ్చాయి, పొద్దున్నే గులాబీ పువ్వు, కింద "ఈ రోజు ప్రత్యేకతలు". ఆ ఇంచార్జీలే ఇప్పుడు ఇంటింటికీ తయారయ్యారు.

నీ మెయిల్లో, పీస్ లోపల కాదు మెయిల్లో, చివర్న ఒక మాట రాశావు, మా తాతయ్య ఆ వారం గూడూరు స్టేషన్లో రైలు కదలక ఇరుక్కుపోయాడట, ఇది చరిత్ర కాదు కదా అని తీసేశాను అని. ఎందుకు తీసేశావమ్మా? చావు కబురు తెలియగానే కోస్తా అంతా భగ్గుమంది, స్టేషన్ల మీద పడ్డారు, రైళ్లు ఆగాయి, పోలీసు కాల్పుల్లో మనుషులు పోయారు. నీ తాతయ్య దాని మధ్యలో ఉన్నాడు. నువ్వు పంపినదాంట్లో నన్ను కదిలించిన వాక్యం అదొక్కటే, దాన్నే బయట పెట్టేశావు.

తాతయ్య లేరన్నావు, నానమ్మ ఉందిగా, ఫోన్ చెయ్యి. ఆయన స్టేషన్లో ఏం తిన్నాడు, ఎవరితో మాట్లాడాడు, ఇంటికి ఎలా చేరాడు, ఆమెకి ఏం చెప్పాడు అని అడుగు, ఏది చెప్తే అది ఆమె మాటల్లోనే రాసుకో, నువ్వు అందంగా దిద్దకు. తర్వాత ఆంధ్రపత్రిక పాత సంచికలు స్కాన్ చేసినవి నెట్లో దొరుకుతాయి, డిసెంబర్ 16 నుంచి 20 దాకా ఏవి దొరికితే అవి తీసి ప్రకటనలతో సహా చదువు. అందులో నానమ్మ చెప్పిందానికి సరిపోయేవీ ఉంటాయి, సరిపోనివీ ఉంటాయి, రెండూ ఉంచు. ఈఫిల్‌నీ డిస్నీనీ తీసెయ్యి, వాళ్ల గురించి రాసేవాళ్లు బోలెడుమంది. అమరజీవి, త్యాగధనుడు లాంటివి ఒక్కటి కనిపించినా నేను చదవను.

కాలమ్‌కి ఎంతిస్తారని అడిగావు, పుస్తకంగా వస్తుందా అని కూడా అడిగావు, అవి ఇప్పుడు వద్దు. గూడూరు స్టేషన్ ముక్క ముందు పంపు, పేజీ అయినా సరే, పూర్తి కాకపోయినా సరే. సంక్రాంతి లోపు పంపితే నేను ఊళ్లోనే ఉంటా.

ఉంటాను.